ఉచిత వకీలుదీ ఏడాది కౌలే

దాళ్వాకు చేను ఉంటుందో ఊడుతుందో తెలియని కౌలు రైతు ఆ చేలో గెత్తం తోలడు. అతన్ని తప్పుపట్టలేం. కోర్టులో మన తరఫున నిలబడే ఉచిత వకీళ్ల పరిస్థితీ ఇదేనని తాడేపల్లిగూడెం మీటింగులో అంటే, "ఫ్రీగా వచ్చే ప్లీడరుకు మళ్లీ హక్కులేంటండీ?" అన్నాడొక సభ్యుడు. అందుకే ఈ నెల ఈ మాట.

ధర్నా కేసైనా, కొల్లేరు అభయారణ్యంలో చెరువు తవ్వాడన్న కేసైనా, రిమాండులో ఉన్న మనిషి అడిగితే 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలి. 2022లో జాతీయ న్యాయ సేవల సంస్థ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి తెచ్చింది. ఈ లాయర్లు పూర్తికాలం క్రిమినల్ కేసులే చూడాలి, సొంత ప్రాక్టీసు చేయకూడదు. మంచి మార్పే, కాదనం.

కానీ తీసుకునేది కాంట్రాక్టు మీద. ముందు రెండేళ్లు, ఆపైన పనితీరు చూసి ఏటా పొడిగింపు. మేజిస్ట్రేటు కోర్టులో అవతల నిలబడే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరేమో రెగ్యులర్ ఉద్యోగి. ఇంకో చిక్కు ఉంది. జిల్లా న్యాయ సేవల సంస్థకు అధ్యక్షులు జిల్లా జడ్జి గారే. వాదించాల్సింది ఆయన ముందు, కొలువు నిలవాల్సింది ఆ సంస్థలో. ఏ జడ్జి గారినీ అనుమానించడం లేదు గానీ, ఎవరికైనా గొంతు కొంచెం తగ్గుతుంది కదా.

నిరుడు మా పక్క ఊరి కౌలు రైతు కేసులో సాక్షుల విచారణ సగంలో ఉండగా వకీలు మారారు. కొత్తాయన కేసు కట్ట మొదటి నుంచి చదువుకునేసరికి మూడు వాయిదాలు పోయాయి. వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి, బస్సు చార్జీలు. నష్టపోయింది వకీలొక్కరే కాదు.

లాయర్లకు సమ్మె హక్కు లేదని 2002లో హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంగ్లండులో 2022లో క్రిమినల్ బారిస్టర్లు పని ఆపి, లీగల్ ఎయిడ్ ఫీజు 15 శాతం పెంచాకే తిరిగి కోర్టుకెళ్లారు. న్యూయార్కు లీగల్ ఎయిడ్ లాయర్ల సంఘమైతే ఏకంగా మోటారు కార్మికుల యూనియన్‌లో భాగం. విన్నప్పుడు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన పట్టుకుంది. ఇక్కడ సమ్మె కుదరకపోయినా, సంఘంగా కూర్చుని అడగడానికి అడ్డేముంది?

ఐదేళ్ల కాలపరిమితి, కారణం చెప్పకుండా తీసేయకపోవడం, ఒక్కో లాయరుకు ఇన్ని కేసులే అన్న హద్దు. ఈ మూడింటి కోసం వాళ్లు ముందుకొస్తే మన సంఘం వెంట నిలవాలి. ఏలూరులో ఇవ్వబోయే మన వినతిపత్రంలోనూ ఇవి ఉండాలి. కేసులున్న సభ్యులు తమ వాయిదా తేదీలు, వకీలు ఎన్నిసార్లు మారారో రాసి మండల కమిటీకి ఇవ్వండి.