దీర్ఘరోగుల భయము - ఇరుగుపొరుగుల బాధ్యత

మన శరీరమున రక్షకశక్తి యొకటి గలదు. వెలుపలినుండి ప్రవేశించు సూక్ష్మజీవులను గుర్తించి, ఎదిరించి, నశింపజేయుట దాని పని. కొందరిలో ఈ శక్తి దారితప్పి తన శరీరమునే శత్రువుగా నెంచి పీడించును. కంచెయే చేను మేసినట్లగును. లూపస్, రుమటాయిడ్ కీళ్ళవాతము మున్నగునవి ఈ కోవకు చెందిన వ్యాధులు. ఇవి సాధారణముగా సమూలముగా నయమగునవి కావు. అయినను క్రమము తప్పక మందులు వాడినచో చాలవరకు అదుపులో నుండును. ఆ మందులలో పెక్కు రక్షకశక్తి దూకుడును తగ్గించునట్టివి.

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా పేర్కొన్నది. అందరును భయపడిరి. కాని యీ రోగులకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి యైనది. మందు వాడినచో అంటువ్యాధిని తట్టుకొనలేమేమో యను భీతి. మానినచో పాత వ్యాధి విజృంభించునను భీతి. వైద్యుని యడుగకయే మందు మానివేసినవారును గలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. చిరకాలము వాడిన స్టెరాయిడ్లను హఠాత్తుగా నిలిపినచో ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును.

అంతలో మరియొక చిక్కు వచ్చిపడెను. మలేరియా మందుగా పుట్టిన హైడ్రాక్సీక్లోరోక్విన్ దశాబ్దములుగా లూపస్ రోగులకు ఆధారము. అది కోవిడ్‌ను నివారించునను ఆశ 2020 మార్చిలో వ్యాపించుటతో, అవసరములేనివారు సైతము కొని దాచుకొనిరి. నిత్యము వాడవలసినవారు దుకాణముల చుట్టు తిరుగవలసివచ్చెను. ఆ నెల 26వ తేదీన ప్రభుత్వము ఆ మందు అమ్మకమును కట్టుదిట్టము చేసినది. జూన్ నెలలో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన, ఆస్పత్రిలోనున్న కోవిడ్ రోగులకు ఆ మందువలన మేలు లేదని తేల్చినది. ఆ పరిశోధనయే, ప్రాణవాయువు అవసరమైన రోగులలో డెక్సామెథసోన్ అను స్టెరాయిడు మరణములను తగ్గించునని కూడ తెలిపినది. ఏ జాతి మందును జూచి జనులు బెదరిరో, ఆ జాతి మందే తగిన వేళ, తగిన మోతాదులో ప్రాణదాత యైనది!

ఈ రోగులకు మనము సామాన్యముగా చెప్పు మాట "ధైర్యముగా నుండుడు" అనునది. ఈ మాట చాలదని నా యభిప్రాయము. వారి భయము మనోదౌర్బల్యము కాదు. దానికి కారణము కలదు. పదిదినములకు మాత్రమే మాత్రలు మిగిలిన యిల్లాలికి ధైర్యవచనము మందు కాజాలదు. కారణమును తొలగించినపుడే భయము తగ్గును.

ఆరోగ్యవంతులును భయముచేతనే గదా మందు కొన్నది, వారిని నిందింపనేల యని కొంద రనవచ్చును. నింద నా యుద్దేశము కాదు. నిరూపణ కాని మేలుకొరకు మనము దాచుకొన్న మాత్ర, నిరూపితమైన అవసరముగల వేరొకరి నోటినుండి తీసినదని గ్రహించిన చాలును.

రోగులు చేయదగిన పనులును కలవు. అందరి ప్రమాదము ఒక్కరీతిగా నుండదు. అధికమోతాదు స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్ వంటి మందులు వాడువారికి జాగ్రత్త హెచ్చుగా కావలెను. కావున ఎవరి సంగతి వారు తమ వైద్యునివలననే తెలిసికొనవలెను. జ్వరము వచ్చినచో ఏ మందు నాపవలెనో, ఏది కొనసాగింపవలెనో ముందుగనే వ్రాయించుకొని యింట నుంచుకొనవలెను. ఒక నెలకు సరిపడు మందు నిలువ యుండుట మంచిది. టీకాల విషయమున వైద్యుని సలహా పొందవలెను. నిద్రపట్టనంతగా దిగులు వేధించినచో దాచుకొనరాదు. టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినది. కాని రక్షకశక్తి సన్నగిల్లినవారికి అంటువ్యాధుల భయము ముగియలేదు. దగ్గు, జ్వరము గలవారు అట్టివారి యింటికి పోకుండుట, పోక తప్పనిచో ముఖమునకు మాస్కు ధరించుట చిన్న పనులే. మన కవి స్వల్పశ్రమ, వారికి ప్రాణరక్షణ.