అదృష్టానికి వ్యూహమని పేరు

పాకిస్తాన్ ప్రస్తావన వస్తే మన టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, కాస్త చదువుకున్న వాళ్ల సంపాదకీయాల్లో సైతం ఒకే నోట రెండు మాటలు వినిపిస్తాయి. ఇద్దరి దగ్గరా అణుబాంబులున్నాయి కనుక ఇక పెద్ద యుద్ధం రాదు, బాంబే శాంతికి కాపలా అన్నది మొదటి మాట. పాకిస్తాన్ అణు బెదిరింపు ఉత్త బూచి, 2016లో కొట్టాం, 2019లో కొట్టాం, 2025లో ఇంకా గట్టిగా కొట్టాం, ఏమైంది అన్నది రెండోది. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. బూచి అయితే అది దేనికీ కాపలా కాయలేదు. కాపలా కాయగలిగేంత నిజమైతే దాన్ని బూచి అని తీసిపారేయడానికి వీల్లేదు. అయినా ప్రశాంతంగా ఉన్న రోజుల్లో మొదటి మాట, సరిహద్దు వేడెక్కిన రోజున రెండో మాట చెప్పి నెట్టుకొస్తున్నారు. ఏ ఎండకా గొడుగు.

1998 తర్వాత ఉపఖండం అణుయుద్ధం పాలబడకుండా ఉందంటే ఆ గొప్పతనం బాంబుది కాదన్నది నా వాదన. కొన్నిసార్లు ఫలానా మనుషులు నిగ్రహించుకున్నారు. కొన్నిసార్లు బయటివాళ్లు మెడలు వంచారు. మిగతాది పచ్చి అదృష్టం. ఆ మూడోదాని వాటా మనం ఒప్పుకోడానికి ఇష్టపడేదానికన్నా చాలా ఎక్కువ.

కార్గిల్‌తో మొదలుపెడదాం. 1998 మే నెలలో మొదట పోఖ్రాన్‌లో మనం, రెండు వారాలకు బలూచిస్తాన్ కొండల్లో పాకిస్తాన్ పరీక్షలు జరిపాం. అణు నిరోధకత వచ్చేసింది, ఇక యుద్ధాలుండవు అన్నవాళ్లకు అప్పుడు కొదవ లేదు. ఏడాది తిరగకుండానే, 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సెక్కి లాహోర్ వెళ్లి ప్రకటన మీద సంతకం చేసే నాటికే, అటు పాక్ సైన్యాధిపతి ముషారఫ్ కార్గిల్ పథకం నడుస్తోంది. బాంబు ఉంది కనుక భారత్ నియంత్రణ రేఖ దాటి రాదు, రాలేదు అన్నదే ఆ పథకానికి పునాది. మన సైనికులు 527 మంది ప్రాణాలిచ్చారు. బాంబు ఆ యుద్ధాన్ని ఆపకపోగా దానికి తెగువనిచ్చింది.

యుద్ధం పెద్దది కాకుండా ఆగింది కదా అంటారు. ఆగింది. వైమానిక దళం నియంత్రణ రేఖ దాటకూడదని వాజ్‌పేయి ఆదేశించారు. జూలై 4న వాషింగ్టన్‌లో క్లింటన్ నవాజ్ షరీఫ్‌ను కూర్చోబెట్టి వెనక్కి తగ్గేలా చేశారు. వాజ్‌పేయి నిగ్రహం వెనక అణుభయమూ ఉండొచ్చు, కాదనను. కానీ ఒకే వస్తువు ఒకరికి భయాన్ని, ఇంకొకరికి సాహసాన్ని ఇస్తుంటే దాన్ని శాంతి సాధనమని పిలవడం ఏ తర్కం? పైగా ఆ భయం మన ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని విజ్ఞత అంటాం, పొరుగింట్లో ఉండాల్సినప్పుడు మాత్రం తప్పక ఉంటుందని నమ్ముతాం.

ఈ వాదన చేసేవాళ్లు అమెరికా, సోవియట్ యూనియన్‌ల ఉదాహరణ తెస్తారు. నలభై ఏళ్లు ఎదురెదురుగా నిలబడి కూడా కొట్టుకోలేదు చూడండి అంటారు. 1981లోనే కెన్నెత్ వాల్జ్ అనే అమెరికా పండితుడు అణ్వస్త్రాలు మరిన్ని దేశాల చేతికొస్తే మేలే అని వాదించాడు. మన వ్యూహకర్తల్లో చాలామంది ఇప్పటికీ ఆ నీడలోనే ఉన్నారు. 1969లో ఉస్సూరి నది మీద అప్పటికే బాంబున్న చైనా, సోవియట్ సైన్యాలు కాల్చుకుని చచ్చిన సంగతి ఆ లెక్కలోకి రాదు. సరే, అది వదిలేద్దాం. 1962లో క్యూబా సంక్షోభం తేల్చుకోవడానికి కెనెడీకి 13 రోజులు దొరికాయి. 1983 సెప్టెంబర్‌లో అమెరికా క్షిపణులు వచ్చేస్తున్నాయని సోవియట్ హెచ్చరిక వ్యవస్థ చూపిస్తే, స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి అది యంత్రం తప్పని తేల్చాడు. అతనికి ఆలోచించుకోవడానికి దొరికింది నిమిషాలే, కానీ దొరికాయి. ఢిల్లీకీ ఇస్లామాబాద్‌కూ మధ్య దూరం 700 కిలోమీటర్లకు అటూ ఇటూ. లాహోర్ అయితే సరిహద్దుకు ఆనుకునే ఉంది. ఇక్కడి పెట్రోవ్‌కు ఆ కాస్త వ్యవధి కూడా ఉండదు.

యంత్రాలు, మనుషులు తప్పు చేయరా? 2022 మార్చి 9న ఏం జరిగిందో మన జనం దాదాపు మరచిపోయారు. ఆ సాయంత్రం మన వైమానిక దళానికి చెందిన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున బయలుదేరి, 124 కిలోమీటర్లు పాకిస్తాన్‌లోకి చొచ్చుకెళ్లి, పంజాబ్ ప్రావిన్స్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. బ్రహ్మోస్ వేగం ధ్వని వేగానికి దాదాపు మూడు రెట్లు. ఎవరూ చనిపోలేదు. మన రక్షణ శాఖ బహిరంగంగా నోరు విప్పింది మార్చి 11న, అంటే రెండు రోజులకు. మొదట సాంకేతిక లోపమన్నారు. ఆగస్టులో, నిర్దేశించిన పద్ధతులు పాటించలేదంటూ ముగ్గురు అధికారులను కొలువు నుంచి తొలగించారు.

వచ్చే క్షిపణిలో ఏముందో మనకు తెలుసు. అటువైపు రాడార్ ముందు కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? అది వాడి నగరం మీదికి వస్తోందా, స్థావరం మీదికా, దాని వెనక మరో పది ఉన్నాయా? ఆ రోజు వాడు ఓపిక పట్టాడు. 2021 ఫిబ్రవరి నుంచి నియంత్రణ రేఖ మీద కాల్పుల విరమణ నడుస్తున్న కాలం అది. ఇరువైపులా తుపాకులు చల్లగా ఉన్న రోజు జరిగింది కాబట్టి ఆ పొరపాటు పత్రికల్లో నాలుగు రోజుల వార్తగా మిగిలింది. అదే క్షిపణి, రెండు దేశాలూ దాడులు చేసుకుంటున్న 2025 మే 9 రాత్రి బయలుదేరి ఉంటే?

ఉద్రిక్తత ఉన్న రోజు ఎలా ఉంటుందో కూడా మనకు తెలుసు. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ దాడి మర్నాడు, రెండు దేశాల యుద్ధ విమానాలు తలపడుతున్న వేళ, శ్రీనగర్ సమీపంలోని బుద్గాం దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అక్టోబర్‌లో వైమానిక దళాధిపతి భదౌరియా అది పెద్ద పొరపాటని ఒప్పుకున్నారు. ఇందులో ఎవరినీ తక్కువ చేయడం లేదు. యుద్ధపు వేడిలో ఏ సైన్యంలోనైనా ఇలాంటివి జరుగుతాయి. కానీ సొంత హెలికాప్టర్‌నే గుర్తుపట్టలేని ఉదయాన, ఎదుటివాడి విమానం మోస్తున్నది మామూలు బాంబో అణుబాంబో పోల్చుకోగలమని భరోసా ఇచ్చేదెవరు?

ఏమీ కాలేదు కదా అన్న వాదన లోపలి ప్రమాదం ఇక్కడే ఉంది. 2016లో నియంత్రణ రేఖ దాటి కొద్ది దూరం వెళ్లాం. 2019లో ఖైబర్ పఖ్తున్‌ఖ్వాలోని బాలాకోట్ మీద మన విమానాలు బాంబులు వేశాయి. 2025 మే 7న బహావల్‌పూర్, మురీద్కే సహా తొమ్మిది చోట్ల, ఆ తర్వాత వైమానిక స్థావరాల మీద. మే 10న దెబ్బ తిన్న నూర్‌ఖాన్ స్థావరం రావల్పిండిలో ఉంది. పాక్ అణ్వస్త్రాల బాగోగులు చూసే స్ట్రాటజిక్ ప్లాన్స్ డివిజన్ కార్యాలయానికి అది దగ్గరే. మన గురి ఆ కార్యాలయం మీద లేదు. కానీ గురి ఎక్కడుందో తేల్చేది కొట్టేవాడి ఉద్దేశం కాదు, దెబ్బ తినేవాడి భయం. అదే రోజు పాక్ అణు నిర్ణయాలు తీసుకునే నేషనల్ కమాండ్ అథారిటీ సమావేశమవుతోందని వార్త వచ్చింది, కాసేపటికి లేదని వాళ్ల రక్షణ మంత్రే అన్నారు. మధ్యాహ్నం 3.35కు రెండు సైన్యాల ఆపరేషన్ల అధిపతుల (డీజీఎంవోల) మధ్య ఫోన్ మోగింది, సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలని ఒప్పుకున్నారు. తానే ఆపానని ట్రంప్ అంటారు, కాదని ఢిల్లీ అంటుంది. ఎవరు ఆపినా, ఆపింది బాంబని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనడం లేదు.

ప్రతిసారీ ఒక మెట్టు పైకి ఎక్కాం. ఏమీ కాలేదు కనుక పై మెట్టూ గట్టిదే అనుకుంటున్నాం. పాకిస్తాన్ ఎక్కడ తెగిస్తుందో పాకిస్తాన్‌కే స్పష్టంగా తెలియకపోవచ్చు. 2002లో ఆ దేశపు అణు వ్యవహారాల అధిపతి జనరల్ కిద్వాయ్ చెప్పిన హద్దులు నాలుగు: భూభాగం పెద్ద ఎత్తున పోవడం, సైన్యం దెబ్బతినడం, ఆర్థికంగా గొంతు నులమడం, లోపల అస్థిరత రేపడం. ఎంత భూమి, ఎంత సైన్యం? కావాలనే చెప్పలేదు. 2011 నుంచి వాళ్లు 60 కిలోమీటర్లు వెళ్లే నస్ర్ అనే చిన్న అణు క్షిపణిని పరీక్షిస్తున్నారు. యుద్ధరంగంలో చిన్నది వాడితే భారత్ మహా ప్రతీకారానికి దిగదని వాళ్ల లెక్క. చిన్నది వాడినా భారీగా బదులిస్తామని 2003 నుంచి మన సిద్ధాంతం, కనుక వాళ్లు వాడరని మన లెక్క. రెండు లెక్కలూ ఒకేసారి సరి కావు. ఎవరిది తప్పో తెలిసేది వాడిన తర్వాతే. సిప్రీ సంస్థ 2025 అంచనా ప్రకారం మన దగ్గర సుమారు 180, వాళ్ల దగ్గర సుమారు 170 వార్‌హెడ్లున్నాయి.

మరైతే ఉగ్రవాదుల దెబ్బలు తిని ఊరుకోవాలా అని కోపంగా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పహల్గాం ఉగ్రదాడిలో చనిపోయిన 26 మందిలో తెలుగువాళ్లూ ఉన్నారు. 2025 మే నెలలోనే నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా యువ జవాను ఒకరు అమరుడయ్యాడు. శిక్షించే హక్కు ఈ దేశానికి లేదని నేననను. ఎంత గట్టిగా కొట్టదలిస్తే మాట్లాడుకునే దారి అంత గట్టిగా ఉండాలి అంటాను. మనం చేస్తున్నది తలకిందులు. 2019 ఆగస్టు నుంచి రెండు రాజధానుల్లో హైకమిషనర్లు లేరు. 2025లో హైకమిషన్ల సిబ్బందిని 55 నుంచి 30కి కుదించారు. కొట్టడం పెంచుకుంటూ, ఫోన్లు తగ్గించుకుంటూ పోతున్నాం.

ఇదంతా ఉత్తరాది తలనొప్పి అనుకునే తెలుగు పాఠకులకు ఒక మాట. మన క్షిపణుల పుట్టిల్లు హైదరాబాద్, అణు జలాంతర్గామి అరిహంత్ పుట్టిల్లు విశాఖ. పాకిస్తాన్ షహీన్-3 పరిధి 2,750 కిలోమీటర్లు. 1971లోనే వాళ్ల ఘాజీ జలాంతర్గామి విశాఖ దాకా వచ్చి అక్కడే మునిగింది.

శత్రువుతో ఒప్పందాలేమిటి అనేవాళ్లు 1988 నాటి ఒప్పందాన్ని చూడాలి. ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదని రాసుకున్నారు. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ అణు కేంద్రాల జాబితాలు మార్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాతి జనవరిలో ఆగలేదు. పార్లమెంటు మీద దాడి జరిగి సైన్యాలు సరిహద్దుకు కదులుతున్న 2002 జనవరిలోనూ ఆగలేదు. పగ చల్లారకుండానే ఇంత చేయగలిగినవాళ్లు ఇంకొంచెం చేయగలరు. 2005 ఒప్పందం బాలిస్టిక్ క్షిపణి పరీక్షలకు ముందే కబురు చేయమంటుంది, క్రూయిజ్ క్షిపణుల ఊసెత్తదు. 2007 ఒప్పందం అణ్వాయుధాల ప్రమాదాలకే పరిమితం. మియాన్ చన్నూలో పడ్డ బ్రహ్మోస్ ఈ రెండింటికీ బయటే ఉంది.

ఈసారి మీ ఎంపీ ఓటడగడానికి వచ్చి పాకిస్తాన్‌కు బుద్ధి చెప్పామని ఉపన్యాసమిస్తే, చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: పొరపాటున క్షిపణి బయలుదేరితే అవతలివాడికి మొదటి నిమిషంలోనే కబురు చేరే ఏర్పాటు చేశారా, లేదా?