వెబ్‌సైటులో ఉండవలసినది అక్షరమా, బొమ్మా?

వెబ్‌సైటు గుణదోషాలను విచారించేటప్పుడు చాలామంది దాని రంగులను, కదిలే బొమ్మలను చూచి తీర్పు చెప్పడం కద్దు. ఈ పద్ధతితో మేము ఏకీభవించలేము. వచ్చినవాడు తన పనిని సులభంగా ముగించుకొని పోగలిగితే అది మంచి వెబ్‌సైటు. స్కాలర్‌షిప్ గడువు తెలుసుకోవడానికి వచ్చిన విద్యార్థి ఆ తేదీ కనిపించక తిరిగిపోతే, ఎన్ని హంగులున్నా వ్యర్థమే.

ఇక మన భాషల విషయం. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తుంది. నస్తలీఖ్ లిపిలో పదం ఏటవాలుగా క్రిందికి జారుతుంది. ఈ లిపిని కంప్యూటరుకు తెచ్చిన నూరీ నస్తలీఖ్ 1981లోనే వెలువడినప్పటికీ, వెబ్‌లో చాలాకాలం ఉర్దూ పత్రికలు వార్తలను బొమ్మలుగా పెట్టవలసి వచ్చింది. తెలుగు పత్రికలు సొంత ఫాంట్లు వాడినందున, ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని గుర్తులు కనిపించేవి. నాటి నిస్సహాయతను మేము తప్పుపట్టము. కాని యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. కుడి నుండి ఎడమకు వ్రాసే భాషలకు కావలసిన ఏర్పాటు 1997లో హెచ్‌టీఎంఎల్ నాలుగవ రూపంలో చేరింది. 2014లో గూగుల్ సంస్థ నస్తలీఖ్ ఫాంటును ఉచితంగా ఇచ్చింది.

ఇన్ని సౌకర్యాలు సమకూరిన తరువాత కూడా నోటీసును కాగితంపై అచ్చువేసి, ముద్ర కొట్టి, ఫొటో తీసి వెబ్‌సైటులో అంటించడం ఏమి న్యాయం? ఆ బొమ్మలో వెతికితే మాట దొరకదు. చిన్న ఫోనులో పెద్దది చేసి చూస్తే వాక్యం సగం తెర దాటిపోతుంది. అంధ విద్యార్థికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాని ముందు మూగబోతుంది. ముద్ర మాత్రం దివ్యంగా కనిపిస్తుందనుకోండి! ముద్ర, సంతకం లేనిదే నోటీసుకు అధికారం రాదని కొందరంటారు. అట్లయితే ఆ బొమ్మను క్రింద ఉంచి, పైన విషయాన్ని అక్షరాలలో టైపు చేయవచ్చును గదా.

అక్షరాలు పెట్టినంతమాత్రాన సరిపోదు. ఆంగ్లానికి సరిపోయే వరుసల ఎడమే తెలుగుకూ ఉంచితే, పై వరుస ఒత్తులు క్రింది వరుస గుడులకు తగులుతాయి. ఒక విద్యాసంస్థ వెబ్‌సైటులో 'ఉర్దూ' అన్న మీటను నొక్కగా మాకు ఆంగ్లపుటే ప్రత్యక్షమయింది. అటువంటి మీట లేకపోవడమే మర్యాద.

కళాశాల సంఘంవారికి మా విన్నపం ఒక్కటే. మన విద్యార్థులలో ఉర్దూ, తెలుగు టైపు నేర్చినవారు లేకపోలేదు. వారానికి రెండు గంటలు ఆఫీసు కంప్యూటరును వారికి అప్పగిస్తే, రాబోయే ప్రవేశాల నోటీసులను మూడు భాషలలోను అక్షరాలుగానే పెట్టవచ్చును.