కోటా బావుల ప్రెషర్ లెక్కలు పార్లమెంటు ముందు పెట్టాలి



అబూధాబీ సముద్రంలోని లోయర్ జాకుమ్ చమురు క్షేత్రంలో 2018లో మన ప్రభుత్వ రంగ సంస్థలు 10 శాతం వాటా కొన్నాయి. 40 ఏళ్ల ఒప్పందం, 60 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము మనది. అక్కడ ఇంకా ఎంత నూనె తీయగలరో అడిగే హక్కూ మనదే.

ఎందుకు అడగాలంటే, అబూధాబీ ఉన్న యుఏఈ ఏళ్ల తరబడి చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ విధించిన ఉత్పత్తి కోటాకు లోబడి నూనె తీసింది. అడ్డులేకుండా పారే బావిలో దిగుబడి ఏటికేడు తగ్గుతుంది. ఆ తగ్గుదల గీతను ముందుకు పొడిగిస్తే మొత్తం ఎంత వస్తుందో అంచనా దొరుకుతుంది. 1945లో ఆర్ప్స్ అనే ఇంజినీరు సూత్రీకరించిన ఈ పద్ధతిని నేటికీ వాడుతున్నారు. కోటా కోసం చోక్ (ప్రవాహాన్ని తగ్గించే కవాటం) బిగించిన బావిలో ఆ తగ్గుదలే కనిపించదు, గీత తిన్నగా సాగిపోతుంది. మిద్దె మీది ట్యాంకుకు కుళాయి సన్నగా తిప్పి, ఆ ధార చూసి లోపల ఎన్ని నీళ్లున్నాయో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

కాబట్టి ప్రెషర్ చూడాలి. బావిని కొంతకాలం మూసి అడుగున ప్రెషర్ కొలిస్తే, ఇంత నూనె తీసినందుకు ఇంత పడిందని తేలుతుంది. దాన్నిబట్టి కింద ఉన్నదెంతో లెక్క కడతారు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఖాళీ అయిన చోటికి పక్క పొరల్లోని నీరు చొరబడితే ప్రెషర్ పెద్దగా పడదు. ఆ నీటిని లెక్కలోకి తీసుకోకపోతే నిల్వ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. 1930లో బయటపడిన ఈస్ట్ టెక్సస్ క్షేత్రంలో పడమటి నుంచి ఇలాగే నీరు తోసుకొచ్చింది. అందుకే ప్రెషర్‌తో పాటు నూనెతో కలిసి వస్తున్న నీటి శాతం, తిరిగి లోపలికి ఎక్కించిన నీరు కూడా తెలియాలి.

పరిమితి ఎత్తేశాకే అసలు సంగతి బయటపడుతుందనడానికి టెక్ససే ఉదాహరణ. అక్కడ చమురును నియంత్రించే రైల్‌రోడ్ కమిషన్ దశాబ్దాల పాటు ఉత్పత్తికి పరిమితి విధించి, 1972 మార్చిలో దాదాపు పూర్తిగా ఎత్తేసింది. రాష్ట్ర ఉత్పత్తి ఆ ఏడే గరిష్ఠానికి చేరి, తర్వాత దిగజారింది. 1973లో అరబ్బులు ఎగుమతులు ఆపినప్పుడు ఆదుకునే అదనపు నూనె అక్కడ లేకపోయింది.

ఇక యుఏఈ ప్రకటించిన నిల్వలు: 1985లో 3,300 కోట్ల బ్యారెళ్లు, 1986లో 9,700 కోట్లు! ఆ తర్వాత రోజూ తోడుతున్నా రెండు దశాబ్దాలకు పైగా 9,780 కోట్ల దగ్గరే అంకె కదల్లేదు. పాత విదేశీ కంపెనీలు తక్కువ చూపాయనే వాదనలో నిజం ఉండవచ్చు. ఉంటే ప్రెషర్ లెక్కలు దాన్నే నిరూపిస్తాయి, దాచడం దేనికి?

వ్యాపార రహస్యం అంటారు. సౌదీ ప్రభుత్వ చమురు సంస్థ ఆరామ్కో 2019లో బాండ్లు అమ్మడానికి పత్రాలు బయటపెట్టక తప్పలేదు. దాని ఘవార్ క్షేత్రం సామర్థ్యం రోజుకు 38 లక్షల బ్యారెళ్లని అప్పుడే తేలింది. అంతవరకు 50 లక్షలని చాలామంది నమ్మారు. అప్పిచ్చేవాడికి చెప్పగలిగింది వాటాదారుకు చెప్పకూడదా? మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి ఈ లెక్క మనకు అవసరం.

మీ ఎంపీకి ఉత్తరం రాయండి. పెట్రోలియం మంత్రిని సభలో ఇలా అడగమనండి: "లోయర్ జాకుమ్‌లో ఏటేటా కొలిచిన బావి అడుగు ప్రెషర్, నీటి శాతం, మొత్తం తీసిన నూనె ఎంత? మిగిలిన నిల్వను ఏ పద్ధతిలో లెక్కగట్టారు? బయటి సంస్థ ఏదైనా దాన్ని తనిఖీ చేసిందా?"