కోడేరు నుంచి గల్ఫ్ దాకా.. కష్టమొస్తే దిక్కెవరు?

నాగర్‌కర్నూల్: ఊరుగాని ఊళ్లో ఆపదొస్తే ముందు ఎవరికి ఫోన్ చేయాలి? కోడేరు లాంటి పాలమూరు మండలాల నుంచి పనికి వలసపోయే వాళ్లను వెంటాడే ప్రశ్న ఇది.

పరాయి దేశంలో తెలుగు సంఘాలు కొత్తేం కాదు. తోటల్లో కూలికి వెళ్లిన తెలుగోళ్లు స్థిరపడ్డ మలయాలో 1955లోనే ఆంధ్ర సంఘం పుట్టింది. అమెరికాలో తానా తొలి మహాసభ 1977లో జరిగింది. ఆ తర్వాత ఆటా, నాట్స్ వచ్చాయి. బయటికి కనిపించేది మహాసభలు, సినిమా స్టార్ల హడావుడే. కానీ ఎవరైనా చనిపోతే విరాళాలు పోగేసి, మృతదేహాన్ని ఇంటికి చేర్చడంలోనూ ముందుండేది ఈ సంఘాలే.

గల్ఫ్‌లో సీన్ వేరు. సౌదీ, యూఏఈల్లో కార్మిక యూనియన్లకు అనుమతి లేదు. దాంతో లేబర్ క్యాంపుల్లో ఉండేవాళ్లకు వాలంటీర్లే ఆసరా. భారత ఎంబసీల్లో 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. అయితే కాగితాలు నింపి, ఆస్పత్రి, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగే మనిషి కావాలి కదా! గల్ఫ్ మృతుల కుటుంబాలకు తెలంగాణ సర్కారు 2024లో రూ.5 లక్షల సాయం ప్రకటించింది. గల్ఫ్ కార్మికుల సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నది ఇదే.

మరి ముంబై, పుణె సైట్లకు పోయే పాలమూరు లేబర్ సంగతేంటి? అడ్వాన్స్ ఇచ్చిన మేస్త్రీయే వాళ్లకు అన్నీ. గొడవ ఆ మేస్త్రీతోనే అయితే? అంతర్రాష్ట్ర వలస కూలీల కోసం 1979లోనే చట్టం తెచ్చారు. చట్టాలు చదివి చెప్పే, ఫోన్ ఎత్తి కదిలే మనుషులే కరువు. దేశం దాటినోళ్లకు దొరికిన ఆ తోడు, రాష్ట్రం దాటినోళ్లకూ దొరకాలి.