నీటి పరిశోధనకు కొలమానం పొలమా, ఊరా?

మెట్ట ప్రాంతాల నీటి యాజమాన్యంపై మన విశ్వవిద్యాలయాలు వెలువరించే పరిశోధన నివేదికల్లో ప్రయోగానికి ప్రమాణం సాధారణంగా పరిశోధన క్షేత్రంలోని మడి, లేదా ఒక రైతు పొలం. కాలువ సాళ్ళ పద్ధతితో పోల్చినప్పుడు బిందు సేద్యంలో ఎంత నీరు ఆదా అయింది, ఘనపు మీటరు నీటికి ఎన్ని కిలోల దిగుబడి వచ్చింది అన్నవే వాటిలోని ప్రధాన అంకెలు. ఈ అంకెలు తప్పు కావు. అయితే ఆదా అయిన నీరు చివరికి ఎక్కడికి చేరింది అన్న ప్రశ్నకు అవి సమాధానం చెప్పవు. ఆ ప్రశ్నను పరిశోధనలో భాగం చేయనంత వరకు మన సిఫారసులు అసంపూర్ణాలే.

తెలంగాణ, రాయలసీమల్లో అధిక భాగం గట్టి రాతి నేల. ఈ నేలల్లోని భూగర్భ జల స్వభావాన్ని వివరించిన ముఖ్యమైన పరిశోధన మనకు చేరువలోనే జరిగింది. రామంతాపూర్‌కు సమీపంలో, తార్నాక నుంచి ఉప్పల్ వెళ్ళే దారిలో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి హైదరాబాదుకు దక్షిణాన ఉన్న మహేశ్వరం పరీవాహక ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేసింది. దీని విస్తీర్ణం సుమారు 53 చదరపు కిలోమీటర్లు. పైన శిథిలమైన రాతి పొర, దాని దిగువన పగుళ్ళ పొర, ఆ కింద దాదాపు నీరివ్వని గట్టి రాయి ఉన్నాయని, అక్కడి నీటిపొర తన ఘనపరిమాణంలో సుమారు 1.4 శాతం నీటిని మాత్రమే విడుదల చేస్తుందని ఈ అధ్యయనాలు తేల్చాయి. బోరును ఇంకా లోతుకు దింపితే నీరు పెరుగుతుందన్న నమ్మకానికి అక్కడి రాతిలో ఆధారం లేదు.

ఈ అంకెను పొలానికి అన్వయించి చూద్దాం. ఒక హెక్టారు కింద నీటిమట్టం ఒక మీటరు తగ్గితే లభించేది సుమారు 140 ఘనపు మీటర్ల నీరు. 50 మిల్లీమీటర్ల ఒక్క తడికి హెక్టారుకు 500 ఘనపు మీటర్లు కావాలి. అంత నీటినీ ఆ హెక్టారు కిందినుంచే తీస్తే నీటిమట్టం మూడున్నర మీటర్లు పడిపోవాలి. వాస్తవంలో ఒక్కసారిగా అంత పడిపోదు, ఎందుకంటే పగుళ్ళ వెంబడి పక్క పొలాల కింది నీరు కూడా వచ్చి చేరుతుంది. అంటే రైతు తన బోరుగా భావించేది నిజానికి ఊరి ఉమ్మడి ఖాతా. ఆ ఖాతాలో మిగులును ఒక్క మడిలో కొలవడం సాధ్యం కాదు.

బిందు సేద్యం వల్ల మొక్కకు అందే నీరు మెరుగుపడుతుంది, కలుపు తగ్గుతుంది, దిగుబడి నాణ్యత పెరుగుతుంది. వీటిలో సందేహం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైన సూక్ష్మ నీటిపారుదల పథకం మెట్ట రైతుకు మేలు చేసింది. కాని 2004 నుంచి వ్యవసాయ విద్యుత్తు ఉచితంగా లభిస్తున్న చోట, నీరు మిగిలిన రైతు మోటారు ఆపడు, మరో ఎకరం తడుపుతాడు. అతని దృష్టిలో అది సహేతుకమైన నిర్ణయమే. పైగా పారుదల పద్ధతిలో ఇంకి తిరిగి భూగర్భానికి చేరే నీటిని కూడా మనం ‘ఆదా’ కింద లెక్కిస్తున్నాం. సాంకేతికత ఒక్కటే నీటి వినియోగాన్ని తగ్గించదని, తోడకానికి పరిమితి లేనిచోట మొత్తం వినియోగం పెరగవచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో ప్రచురించిన సమీక్ష కూడా హెచ్చరించింది.

దీనికి ప్రత్యామ్నాయం మన నేలమీదనే ప్రయత్నించి చూసినది. అదే సంస్థ తోడ్పాటుతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం నడిచింది. రైతులే వర్షమానినిలో వాన కొలిచారు, పరిశీలన బావుల్లో నీటిమట్టం నమోదు చేశారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని పద్దు వేసుకున్నారు. వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారాలని వారిని ఎవరూ ఆదేశించలేదు, రాయితీ ఆశ చూపలేదు. లెక్క కళ్ళెదుట ఉన్నందువల్ల చాలాచోట్ల వారే ఆ నిర్ణయం తీసుకున్నారు. అయితే ప్రాజెక్టుకు గడువు ఉంటుంది. విశ్వవిద్యాలయానికి అటువంటి గడువు లేదు. ఈ పనిని కొనసాగించే బాధ్యత మనదని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం అవసరం లేదు.

విద్యుత్ విధానం, మద్దతు ధర శాస్త్రవేత్తల చేతిలో లేవని, ఊరి నీటి పద్దు పరిశోధన పరిధిలోకి రాదని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. మొదటి మాట నిజమే. కాని ఆ విధానాలను మార్చాలన్నా, సమర్థించాలన్నా ఊరి స్థాయి సాక్ష్యం కావాలి. దాన్ని ఏళ్ళ తరబడి ఓపికగా సేకరించగల వ్యవస్థ మన వద్దనే ఉంది.

అందుకు కొత్త భవనాలు అక్కరలేదు. మొదటిది, నీటి యాజమాన్యంపై చేసే ప్రతి క్షేత్ర ప్రయోగంలో దిగుబడితోపాటు మోటారు నడిచిన గంటలు, సాగు విస్తీర్ణంలో వచ్చిన మార్పు, చుట్టుపక్కల బావుల నీటిమట్టం తప్పనిసరిగా నమోదు కావాలి. రెండవది, వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా తామున్న ఊరి నీటి పద్దును రైతులతో కలిసి తయారు చేయాలి. విద్యార్థులు కొన్ని నెలలే ఉంటారు కాబట్టి కొలతలు రైతులవిగా, వాటిని సరిచూడడం విద్యార్థుల పనిగా ఉండాలి. మూడవది, ఆ రికార్డును ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఏటేటా భద్రపరచి, యాసంగి విత్తనాలు కొనకముందే రైతుల ముందు ఉంచాలి.

ఏ పద్ధతి ఎంత నీటిని ఆదా చేస్తుందో మనం రైతుకు చాలాకాలంగా చెబుతూనే ఉన్నాం. ఆ ఆదా ఊరి బావుల్లో కనిపించిందా అని అతడు తిరిగి అడిగితే, కొలిచి చెప్పగల స్థితిలో మనం ఉండాలి.