హాలు హీటరూ గోరింక గూడూ

జూన్ వచ్చేసింది. అక్కడ మనవాళ్లు తొలకరి కోసం చూస్తుంటే ఇక్కడ మనం దుప్పట్లు దులుపుతున్నాం. పిల్లల డాన్సు ప్రాక్టీసులకి అద్దెకి తీసుకునే హాళ్లలో ఈసారి ఒక్కసారి తలెత్తి పైకప్పు చూడండి. కొన్నిచోట్ల పొడవాటి నల్లటి గొట్టం, దాని మీద బోర్లించిన తొట్టిలా మెరిసే రేకు వేలాడుతూ ఉంటాయి. అది గ్యాస్ రేడియంట్ ట్యూబ్ హీటర్.

గొట్టానికి ఒక చివర బర్నర్ ఉంటుంది. మంట గొట్టం లోపలే మండుతుంది, ఫ్యాన్ ఆ వేడిని గొట్టం పొడవునా నడిపిస్తుంది. కాగిన గొట్టం నుంచి వచ్చే వేడిని పైనున్న రేకు కిందికి మళ్లిస్తుంది. ఇది గాలి కన్నా ముందు మనుషుల్నీ నేలనీ వేడి చేస్తుంది, చలికాలం ఎండలో నిలబడ్డట్టు. అందుకే ఎత్తైన కప్పులుండి, మాటిమాటికీ తలుపులు తీసే హాళ్లకి ఇది బాగా సరిపోతుంది. కాలిన గాలి మాత్రం మామూలుగా పొగగొట్టం గుండా బయటికి పోవాలి. అసలు సంగతంతా ఆ దారి తెరిచి ఉందా లేదా అన్నదే.

వేసవంతా ఊరికే ఉన్న గొట్టంలో ఎవరో ఒకరు కాపురం పెడతారు. ఆక్లాండ్ చుట్టుపక్కల మన గోరింకలే బోలెడు, కన్నం కనిపిస్తే గూడు కట్టేస్తాయి. బర్నర్‌లో గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రానికి సాలెగూడు పట్టినా చాలు, గ్యాసూ గాలీ కలిసే పాళ్లు తప్పుతాయి. గాలి చాలకపోతే మంట నుంచి కార్బన్ డయాక్సైడ్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనకి తెలిసిన గ్యాస్ వాసన లీకేజీ పట్టుకోవడానికి కలిపింది, ఈ వాయువుకి అలాంటి హెచ్చరికేమీ ఉండదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గర్భిణులకైతే కడుపులో బిడ్డకీ ప్రమాదమే. తలుపులు మూసి కుంపటి పెట్టుకోవద్దని మన నానమ్మలు తిట్టేది ఇందుకే. మన దగ్గర బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల జరిగే మరణాల వెనకా ఇదే కారణం.

ఏడాదికోసారి సర్వీసు అంటే గ్యాస్‌ఫిట్టర్ చేసేది ఇదీ: బర్నర్ శుభ్రం చేసి గ్యాస్ ప్రెషర్ చూడడం, నిప్పు రవ్వ పుట్టించే ఎలక్ట్రోడ్ చూడడం, ఫ్యాన్ రెక్కలకి పట్టిన దుమ్ము తీయడం, గొట్టం అతుకులు వదులయ్యాయేమో, పొగగొట్టం ఖాళీగా ఉందో లేదో చూడడం. ఫ్యాన్ ఆగితే గ్యాస్ దానంతటదే ఆగిపోతుందో లేదో పరీక్షించడం వీటన్నిటిలోకీ ముఖ్యమని నా ఉద్దేశం. రేకుకి దుమ్ము పట్టినా వేడి తగ్గుతుంది. మనింట్లో ఎంత చేయి తిరిగిన మగవాళ్లున్నా ఇది నిచ్చెనేసుకుని చేసే పని కాదు. వచ్చినవాళ్లని లైసెన్సు కార్డు చూపించమనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

హాలు బుక్ చేసేటప్పుడు "హీటర్ చివరిసారి సర్వీసు ఎప్పుడు చేయించారు?" అని అడగండి. అలంకరణ మన చేతిలోనే ఉంటుంది కదా, తోరణాలూ బెలూన్లూ స్టేజీ తెరలూ ఆ గొట్టానికి దూరంగా కట్టండి. ఎంత దూరమన్నది హీటర్ లేబుల్ మీద ఉంటుంది. అది అందకపోతే హాలువాళ్లనే అడగాలి. బర్నర్ దగ్గర గొట్టం కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉంటుంది, ఎర్రబడి కనిపించదు కాబట్టి చల్లగా ఉందనుకుంటాం.

ఇక ఇంటి సంగతి. గదిలో సిలిండర్ పెట్టుకుని చక్రాల మీద తిప్పే హీటర్‌కి పొగగొట్టమే లేదు. కిలో గ్యాస్ మండితే దాదాపు లీటరున్నర నీరు ఆవిరిగా గదిలోకే వస్తుంది. 9 కిలోల సిలిండర్ అయిపోయేసరికి దాదాపు 14 లీటర్లు! పొద్దున్నే కిటికీ అద్దాల మీద కారే నీరూ, మూలల్లో నల్లటి బూజూ అందులోంచి వచ్చేవే. అద్దె ఇళ్ల హెల్దీ హోమ్స్ నిబంధనలు హాల్లో 18 డిగ్రీలు తెచ్చే స్థిరమైన హీటర్ ఉండాలంటాయి. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్‌ని అందులో లెక్కించవు. ఇంటి ఓనర్‌ని అడిగే హక్కు మీకుంది.

తప్పనిసరై అదే వాడుతుంటే కిటికీ కొంచెం తెరిచి ఉంచండి, పడుకునే గదిలో మాత్రం అసలొద్దు. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకి తిరిగినా, మసి పట్టినా కట్టేసి గ్యాస్‌ఫిట్టర్‌ని పిలవండి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి బయటికెళ్తే తగ్గుతుంటే ఫ్లూ అనుకోకండి. మన దగ్గర్నుంచి వచ్చిన అమ్మావాళ్లు రోజంతా ఆ హీటర్ పక్కనే కూర్చుంటారు, "ప్రయాణం బడలికే లేమ్మా" అంటారు. అందర్నీ బయటికి తీసుకొచ్చి 111కి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని పెట్టుకోండి.

చలి మొదలయ్యాక గ్యాస్‌ఫిట్టర్లు ఓ పట్టాన దొరకరు. ఇక్కడ ఉగాది వచ్చేది చలికి ముందే కాబట్టి, వచ్చే ఏడాది పండక్కి ఇల్లు దులిపే వారంలోనే హీటర్ సర్వీసుకి కూడా ఫోన్ చేసేయండి.